మెతుకు భయం

విశాఖపట్నం ఆస్పత్రి నుంచి పలాసలో మా ఇంటికి వచ్చిన రోజు, వంటింట్లోకి అడుగు పెట్టడానికి నాకు భయం వేసింది. పెళ్లయినప్పటి నుంచి నేనే వండి, నేనే వడ్డించి, అందరి తర్వాత కూర్చుని అందరికన్నా ఎక్కువ తిన్న వంటిల్లు అది. గుమ్మంలో నిలబడి గ్యాసు పొయ్యిని, బియ్యం డబ్బాను, గోడకు వేలాడే చేటను చూస్తూ ఉండిపోయాను. పొట్ట మీద చిన్న చిన్న కోతలు, వాటి మీద పట్టీలు. లోపల ఏం చేశారో డాక్టరు గారు తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. కడుపులో పై భాగాన్ని కోడిగుడ్డంత సంచిలా విడదీసి, దానికి కింది పేగును తెచ్చి అతికించారట. ఆయన చెప్పినవాటిలో అతుకు అన్న మాటే నా బుర్రలో ఉండిపోయింది. అతికించింది ఎప్పుడైనా ఊడిపోవచ్చు కదా అనుకున్నాను.

మా ఆయన టెక్కలి దగ్గర ఒక ఊళ్లో లెక్కల మేస్టారు. సెలవు పెట్టి నాతో ఉన్నారు. మందు సీసా మూతలాంటి చిన్న కప్పుతో నీళ్లు ఇచ్చారు. గుటకకూ గుటకకూ మధ్య ఆగాలి. గటగటా తాగకూడదు. కొన్ని వారాలు పలచటి ద్రవాలే. ఆ తర్వాత చిక్కటివి, ఆ తర్వాత మెత్తటివి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. తీపి ముట్టకూడదు. అవన్నీ ఆయన పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించినట్టు నాతో అప్పజెప్పించారు. మొదటి గుక్క నోట్లో పోసుకుని మింగడానికి ధైర్యం చాలక అలాగే కూర్చున్నాను. నీళ్లు నోట్లోనే వేడెక్కిపోయాయి.

అంత ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానో చెప్పాలి.

నా బరువు వంద కిలోలు దాటి చాలా కాలమైంది. టెక్కలిలో ఒక బ్యాంకులో గుమస్తాగా పని చేసేదాన్ని. రోజూ పలాస నుంచి బస్సులో వెళ్లి రావడం. ముగ్గురు కూర్చునే సీట్లో నేను కూర్చుంటే మూడో మనిషి నిలబడేవాడు. ఎవరూ పైకి ఏమీ అనేవారు కాదు, నిలబడి కిటికీలోంచి బయటకు చూసేవారు. మోకాళ్లు పోయాయి. షుగరు వచ్చింది. నిద్రలో నాకు ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మా ఆయన లేచి కూర్చుని నన్ను తట్టి లేపేవారు. ఇవన్నీ ఉన్నా నాకు సిగ్గే తప్ప భయం ఉండేది కాదు. భయం మా అన్నయ్య పోయాక వచ్చింది.

మా పుట్టిల్లు ఉద్దానంలో, అక్కుపల్లికి దగ్గర. సముద్రం హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. ఇసుక నేల, కొబ్బరి తోటలు, జీడి తోటలు. చూడ్డానికి అంత పచ్చటి ఊరు ఇంకోటి ఉండదు. ఆ ఊళ్లోనే నడివయసు రాకుండా మనుషుల కిడ్నీలు పాడైపోయేవి. ఎందుకని ఎవరికీ తెలియదు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండలన్నారు. ఎవరెవరో వచ్చి బావుల్లో నీళ్లు సీసాల్లో పట్టుకుపోయేవారు. అన్నయ్యకు తాగుడు లేదు, షుగరు లేదు. తోట పని చేసుకునే మనిషి. ఒక వేసవిలో అన్నం సహించడం లేదన్నాడు. ఆ పైన రెండేళ్లు డయాలసిస్ కోసం విశాఖపట్నం తిరిగి తిరిగి పోయాడు.

నా షుగరు పరీక్షలు చూసిన డాక్టరు, ఇలాగే ఉంటే కళ్లో కిడ్నీలో దెబ్బతింటాయని, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమని అన్నాడు. ఆయనకు అది రోజూ నలుగురికి చెప్పే మాట. ఉద్దానంలో పుట్టినదానికి అది అలా వినబడదు. ఆ రోజే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

మా అమ్మ ఒప్పుకోలేదు. మా ఊరి నుంచి వచ్చి, నా మంచం పక్కన కింద కూర్చుని ఒకటే మాట అడిగింది.

"మీ అన్న తినలేక పోనాడు. నువ్వు తినగలిగి ఉండి కడుపు కోయించుకుంతావేటే?"

అన్నయ్యకు వచ్చింది నాకు రాకూడదనే కదా ఇదంతా అని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

మా ఆయన సెలవు అయిపోయాక అమ్మే నా దగ్గరకు వచ్చి ఉంది. గోనెసంచి నిండా కొబ్బరి బొండాలు, చోడి పిండి, అదే రాగి పిండి, ఎండు మామిడి ముక్కలు తెచ్చింది. మా అమ్మాయి అప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి పగలంతా ఇంట్లో మేమిద్దరమే. అమ్మ కొబ్బరి నీళ్లు వడకట్టి ఇచ్చేది. గంజి తేర్చి పై నీళ్లు ఇచ్చేది. పలచటి మజ్జిగ ఇచ్చేది. ఇచ్చి ఎదురుగా కూర్చునేది. నేను కప్పు ఎత్తితే ఆమె గొంతు కూడా కదిలేది. కప్పు పక్కన పెడితే అందులో ఎంత మిగిలిందో వంగి చూసేది. ఆమె చూపులు నాకు బరువుగా ఉండేవి. మా ఇంట్లో ఏ మనిషి బాగున్నాడో కంచం చూసి తెలుసుకున్న మనిషి ఆమె. నా కప్పు చూస్తే ఆమెకు ఏం తెలుస్తుంది?

ఒక ఉదయం చోడి అంబలి ఇచ్చింది. నాలుగైదు గుక్కలు బాగానే దిగాయి. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నోటికి రుచిగా తగిలింది. కాసేపటికి గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి, పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి. అతుకు ఊడిపోయిందనుకున్నాను. వంటింటి గచ్చు మీద పడుకుండిపోయాను. గచ్చు చల్లగా ఉంది, ఇక్కడే పోతాను కాబోలు అనుకున్నాను. అమ్మ నా కాళ్లు రుద్దుతూ కులదేవతను పిలిచింది. అరగంటకు అంతా తగ్గిపోయింది. మా ఆయన ఫోను చేసి అడిగితే ఆస్పత్రి వాళ్లు, తీపి ఏమైనా పడిందా అని అడిగారట. మర్నాడు చూస్తే బెల్లం డబ్బా అటక మీద ఉంది. బిడ్డ నోటికి బాగుంటుందని ఒక చిన్న ముక్క వేసింది. అంతే ఆమె చేసిన తప్పు.

నేను అది అర్థం చేసుకున్నాను గాని నా ఒళ్లు అర్థం చేసుకోలేదు. ఆ రోజు నుంచి ఏ కప్పు ఎత్తినా గుండె ముందే కొట్టుకోవడం మొదలుపెట్టేది.

మెత్తటి అన్నం తినవచ్చన్న వారం వచ్చింది. అమ్మ ఉదయమే చేపలామె దగ్గర మంచి చేప చూసి తీసుకుంది. అన్నం మామూలుకన్నా ఎక్కువ నీళ్లు పోసి గుజ్జుగా వండింది. కారం లేకుండా చేప ఉడికించి, ముల్లు లేకుండా వేళ్లతో నలిపి నలిపి చూసి, అన్నంలో కలిపి చిన్న పళ్లెంలో పెట్టింది. నేను కందిగింజంత ముద్ద తీసుకుని చాలాసేపు నమిలి మింగాను. దిగింది. అమ్మ ముఖం చూస్తే నవ్వు వచ్చింది. రెండో ముద్ద కూడా అలాగే నమిలాను. అది దిగలేదు.

రొమ్ము ఎముక వెనక ఒక రాయి నిలబడినట్టయింది. నీళ్లు తాగకూడదు. దగ్గితే రాదు. నోట్లో ఉమ్మి ఊరడం మొదలైంది, నురగలా, ఆగకుండా. సొంత ఉమ్మి కూడా మింగుడు పడడం లేదు. మాట్లాడితే నురగ వస్తుందని మాట్లాడలేకపోయాను. అమ్మ నా నోటి కింద గిన్నె పెట్టి, చీర కొంగుతో తుడుస్తూ, ఆటో పిలిచి నన్ను దగ్గర్లోని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. చిన్న వయసు డాక్టరు. అమ్మ చెప్పింది రెండుసార్లు విన్నాడు. ఇలాంటి ఆపరేషన్ అయిన మనిషిని తాను ఎప్పుడూ చూడలేదని ఉన్నమాట చెప్పాడు. ఆ మాటకు నాకు ఇంకా భయం వేసింది. గొంతు పట్టుకుని అతను చేతులు కడుక్కునే బేసిన్ దగ్గరకు పరిగెత్తాను. వాంతిలో ఆ ముద్ద వచ్చేసింది. ఉన్నది ఉన్నట్టుగా, గోటి ముక్కంత మెతుకుల ముద్ద. అంత చిన్నదానికా ప్రాణం పోయినంత పనైంది అనిపించింది.

ఆ తర్వాత నేను అన్నం జోలికి పోలేదు.

పోకూడదని నిర్ణయించుకోలేదు. ప్రతిరోజూ రేపు తిందామనే అనుకున్నాను. కుక్కరు కూత వినబడగానే అరచేతులు చెమర్చేవి. ముద్ద నోట్లో పెట్టుకుంటే నీళ్లయ్యేదాకా నమిలి, చివరికి మింగలేక ఉమ్మేసేదాన్ని. గుడ్డు తెల్లసొన, పప్పు తేట, ఏది పెట్టినా అంతే. మళ్లీ ఉద్యోగంలో చేరాను. మజ్జిగ సీసాలో పోసుకుని టెక్కలి వెళ్లి సాయంత్రం సగం సీసాతో తిరిగి వచ్చేదాన్ని. జాకెట్లు వదులైపోయాయి. బస్సులో నా పక్కన ఇద్దరు హాయిగా కూర్చునేవారు. బ్యాంకులో వాళ్లు, ఎంత బాగున్నావు, పదేళ్లు తగ్గిపోయావు అనేవారు. ఆ మాటలు వింటే సంతోషంగా ఉండేది. అద్దంలో చూసుకుంటే దవడలు కనబడేవి. తినకపోవడం వల్ల ఏదో తప్పు జరుగుతోందని అనిపించినప్పుడు, బరువు తగ్గడం కోసమే కదా ఇదంతా అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

తర్వాత మజ్జిగ కూడా నిలవడం మానేసింది. తాగిన కాసేపటికి బయటకు వచ్చేది. ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన బలం మాత్రలు పెద్దవి, గొంతులో అడ్డం పడతాయని నూరించుకునేదాన్ని, అవీ వాంతిలో పోయేవి. విశాఖపట్నం వెళ్దామని మా ఆయన అన్నప్పుడల్లా వచ్చే వారం అన్నాను. వెళితే మళ్లీ కోస్తారని భయం.

అమ్మ అప్పటికి నా ఎదురుగా కూర్చోవడం మానేసింది. వంటింట్లోంచి చెవి ఒగ్గి వినేది. నేను పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుని వస్తే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉండేది. ఒకరోజు నా వీపు నిమురుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు మెల్లగా అంది.

"ఆడూ ఇలగే మొదలెట్టాడు. ముందు అన్నం సయించలేదన్నాడు. తరవాత మజ్జిగ సయించలేదన్నాడు. నువ్వు గలాసు పక్కకి నెడితే నాకు నువ్వు అగుపడవే. ఆడే అగుపడతాడు."

నాకూ కొన్నాళ్లుగా వాడే కనబడుతున్నాడు.

అన్నయ్య తద్దినానికి అమ్మా నేనూ ఊరికి వెళ్లాం. మా ఆయన బడి పని చూసుకుని సాయంత్రానికి వస్తానన్నారు. ఇంటి ముందు పందిరి కింద చుట్టాలు కూర్చుని ఉన్నారు. నేను ఆటో దిగగానే మాటలు ఆగిపోయాయి. లావు తగ్గినందుకు టెక్కలిలో అందరూ మెచ్చుకున్నారు. ఇక్కడ ఒక్కరూ మెచ్చుకోలేదు. చిక్కి, నల్లబడి, కళ్లు లోతుకు పోయిన మనుషులను ఆ ఊరు చాలామందిని చూసింది. వాళ్లు నా ముఖం చూసి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, కూర్చో అమ్మా అని కుర్చీ వేశారు. అంత మర్యాద నాకు ఆ ఊళ్లో ఎప్పుడూ జరగలేదు. చావబోయే వాళ్లకు చేసే మర్యాద అని నాకు తెలుసు. అన్నయ్యకు కూడా అలాగే కుర్చీలు వేసేవారు.

భోజనాల వేళ మా వదిన నా ముందు విస్తరి వేసింది. అన్నయ్యకు ఇష్టమైనవన్నీ వండారు. పనసకాయ కూర, పప్పు, గారెలు. వాడి పేరు మీద పెట్టిన అన్నం తినకుండా ఎలా లేవడం అనుకున్నాను. ఒక్క మెతుకు తీసుకుని నోటి దాకా తెచ్చాను. నోట్లో పెట్టుకోలేక మళ్లీ విస్తట్లో వేసేశాను. ఎవరూ చూడలేదనుకుని లేచాను. వదిన చూసింది.

ఆమె నన్ను తోటలోకి నడిపించుకుపోయింది. మా వదిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రెండేళ్లు అన్నయ్యను ఆస్పత్రులకు తిప్పింది ఆవిడే. కొబ్బరి చెట్ల కింద ఇసుకలో నడుస్తుంటే కాళ్లు నావి కానట్టు తూలుతున్నాను. నీరసం అనుకున్నాను. వెనక నుంచి ఆమె ఆగమంది. తిరిగి చూస్తే నా చెప్పు ఒకటి ఆమె చేతిలో ఉంది. అది ఎంత దూరంలో ఊడిపోయిందో నాకు తెలియలేదు. మిట్టమధ్యాహ్నం ఇసుక నిప్పులా కాలుతుంటే ఉత్త కాలితో నడిచి వచ్చాను. అరికాలు ఎర్రగా కందిపోయి ఉంది. నాకు వేడి తగలనే లేదు.

వదిన ఇసుకలో కూర్చుని నా కాలు ఒళ్లో పెట్టుకుని, వేలితో నొక్కుతూ తెలుస్తోందా అని అడిగింది. చీలమండ దాకా ఏమీ తెలియడం లేదని అప్పుడే నాకు అర్థమైంది.

"అమ్మాయీ, తప్పుగా అనుకోకు" అంది వదిన. "క్రియాటిని సూపించుకున్నావా?"

మా ఊళ్లో అక్షరం ముక్క రానివాళ్లకు కూడా ఆ మాట తెలుసు. ఎవరింట్లో ఎవరిది ఎంత ఉందో కూడా తెలుసు. కిడ్నీలు ఎంత చెడ్డాయో చెప్పే రక్తపరీక్ష అది. లేదని తల ఊపాను. అన్నయ్యకూ కాళ్లు ఇలాగే మొద్దుబారాయా అని అడగాలనుకున్నాను. అడిగితే అవునంటుందేమోనని అడగలేదు.

తిరిగి ఇంటికి వచ్చేసరికి పందిట్లో ఇద్దరు అమ్మలు నిలబడి ఉన్నారు. పక్కపక్కనే, ఒకే చీరతో. కళ్లు నులుముకున్నాను. ఒక కన్ను మూస్తే ఒక్కతే అమ్మ. రెండు కళ్లూ తెరిస్తే ఇద్దరు. పందిరి గుంజ పట్టుకుని అలాగే జారి కూర్చున్నాను. గొంతులో మెతుకు అడ్డం పడ్డప్పటి భయం వేరు. అది కాసేపట్లో తేలిపోయేది. ఇది అలా కాదు. నాలో ఒక్కో దీపం ఎవరో ఆర్పుకుంటూ పోతున్నట్టుంది, ఎక్కడ ఆగుతుందో తెలియదు.

మా ఆయనకు కబురు వెళ్లింది. ఆయన దారిలోంచే కారు మాట్లాడుకుని వచ్చి నన్ను పలాసలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లారు. రక్తం తీసుకున్నారు. ఫలితం వచ్చేదాకా అమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. అక్కడి డాక్టరు కాగితం పట్టుకుని వచ్చి, కిడ్నీలకు ఏమీ లేదమ్మా, మామూలుగానే ఉన్నాయని చెప్పాడు. అమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని కళ్లకు అద్దుకుంది. నేను ఆ మాట విన్నాను గాని నాకు ఊరట కలగలేదు. కిడ్నీ కాకపోతే మరి ఇదేమిటి? పేరు తెలిసిన భయం పోయి, పేరు తెలియనిది వచ్చింది.

బాగా నీరసపడింది, గ్లూకోజు సీసాలు రెండు ఎక్కిస్తే తేరుకుంటుందని డాక్టరు అన్నాడు. నర్సు నా చేతికి సూది గుచ్చి పట్టీ వేసింది. సీసా తెచ్చి కొక్కేనికి తగిలించింది. సరిగ్గా అప్పుడే మా ఆయనకు విశాఖపట్నం డాక్టరు గారు ఫోనులో దొరికారు. నా మంచం పక్కనే నిలబడి మాట్లాడారు కాబట్టి అవతలి మాటలు కూడా నాకు వినబడ్డాయి. ఎన్నాళ్లుగా వాంతులు, మాత్రలు నిలుస్తున్నాయా, నడిస్తే తూలుతోందా, కంటికి రెండేసి కనబడుతున్నాయా అని ఆయన వరసగా అడిగారు. చివరి దానికి మా ఆయన అవునన్నారు. వెంటనే అవతలి నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది.

"గ్లూకోజు ఎక్కించారా?"

"ఇప్పుడే తగిలిస్తున్నారండీ."

"ఆపమనండి. ముందు ఇంజెక్షను పడాలి. ఫోను అక్కడి డాక్టరు గారికి ఇవ్వండి."

మా ఆయన జీవితంలో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. నర్సు చేతిలోంచి గొట్టం లాక్కున్నంత పని చేశారు. ఇద్దరు డాక్టర్లు ఫోనులో మాట్లాడుకున్నారు. ఇక్కడి డాక్టరు విని, రెండు ప్రశ్నలు అడిగి, సరేనని, గొట్టం తీయించి, మందుల షాపుకు మనిషిని పంపించాడు. వాంతులతో ఒంట్లో ఒక విటమిన్ బొత్తిగా అయిపోయిందట, కాళ్లు మొద్దుబారడం, రెండేసి కనబడడం అందుకేనట. అది లేకుండా గ్లూకోజు పడితే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడుకు దెబ్బ తగులుతుందట. అది తర్వాత చెప్పారు. ఆ సమయంలో నాకు తెలిసిందల్లా, నా పైన వేలాడుతున్న సీసాలు రెండూ నిజానికి ఒకటే అని, అది నాలోకి పోకూడదని. మందు వచ్చేదాకా దాన్ని చూస్తూ ఉండిపోయాను. దాన్ని కొక్కేనికి ఉంచేశారు, ఎవరికీ దింపాలని తోచలేదు.

ఇంజెక్షను పడింది. వెంటనే కారులో విశాఖపట్నం తీసుకెళ్లారు. వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. టెక్కలి దాటాక అమ్మ నన్ను లేపి, నా పేరు చెప్పమంది, మా అమ్మాయి పేరు చెప్పమంది. చెప్పాను. కాసేపటికి మళ్లీ అడిగింది. దారి పొడుగునా అలాగే అడిగింది.

రెండు రోజులు ఇంజెక్షన్లు పడ్డాక, ఒక ఉదయం కళ్లు తెరిస్తే గోడ మీద గడియారం ఒకటే కనబడింది. అమ్మ ఒకతే కనబడింది. నోట్లోంచి గొట్టం వేసి చూస్తే, అతికిన చోట దారి పూడుకుపోయి బాగా సన్నబడిందని తెలిసింది. చిన్న బుడగ లాంటిది పంపి దాన్ని వెడల్పు చేశారు. కత్తి పెట్టలేదు. నేను ఇన్ని వారాలు భయపడింది దీనికే. నిద్రలోనే జరిగిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు నా మంచం దగ్గరకు వచ్చి, మీకు అడ్డం పడడం వట్టి భయం వల్ల కాదమ్మా, నిజంగానే దారి లేదు అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చేసింది. అన్నాళ్లూ నేనే పిరికిదాన్ననుకున్నాను. మరి నాకు ఎందుకు చెప్పలేదు అని ఆయన అడిగారు. మళ్లీ కోస్తారనుకున్నానని చెప్పాను. ఆయన, ఇకమీదట నీళ్లు నిలవకపోతే ఆ రోజే ఫోను చేయమని, తన సొంత నంబరు మా ఆయనకు ఇచ్చారు.

దారి తెరుచుకుంది గాని భయం అంత తేలిగ్గా పోలేదు. పలాస వచ్చాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి అమ్మ ఎదురుగా కూర్చోలేదు, పక్కన కూర్చుంది. తనూ చిన్న పళ్లెం పెట్టుకుంది. నాతో పాటు కలిసి తినమని డాక్టరు గారు ఆమెకు చెప్పారు. ఆమె పొలం పనిలో పెరిగిన మనిషి, నాలుగు ముద్దల్లో కంచం ఖాళీ చేసి లేచే అలవాటు. నా కోసం ఒక్కో ముద్ద నములుతూ, నేను మింగేదాకా ఆగి, అప్పుడు తను మింగేది. దవడలు నొప్పి పుడతన్నాయే అనేది. ముద్ద దిగాక నేను రొమ్ము మీద చేయి వేసుకుని ఆగేదాన్ని. ఆమె కూడా తన చేయి ఆపేది. దిగిందా అని నోటితో అడిగేది కాదు, కనుబొమలు ఎత్తేది. నేను తల ఊపితే ఇంకో ముద్ద.

కొన్నిసార్లు దిగేది కాదు. అప్పుడు లేచి వాకిట్లో అటూ ఇటూ నడిచేదాన్ని. అరికాళ్లకు దూది కట్టినట్టు ఉండేది కాబట్టి గోడ పట్టుకుని నడవాలి. అమ్మ వెనకే వచ్చేది. కాసేపటికి దిగేది. ప్రతిసారీ ఈసారి దిగదనే అనుకునేదాన్ని. కాళ్లకు స్పర్శ రావడానికి నెలలు పట్టింది. చిటికెన వేళ్లకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

షుగరు తగ్గింది. నిద్రలో ఊపిరి ఆగడం పోయింది. ఇవన్నీ మంచి సంగతులే, కానీ ఆ రోజుల్లో వాటి గురించి ఆలోచించే తీరిక లేదు. రోజంతా ముద్దల గురించే.

కొబ్బరికాయలు దింపించాలని అమ్మ ఊరికి బయల్దేరబోతున్న ఒక ఉదయం, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నాకు పక్కటెముకల కింద ఏదో లాగినట్టయింది. నొప్పి కాదు. నొప్పి కాదని చెప్పడానికీ లేదు. లోపల ఖాళీగా, సన్నగా కదులుతున్నట్టు, కొంచెం కళ్లు తిరుగుతున్నట్టు. చేతిలో తడి చీర పట్టుకునే రాతి అరుగు మీద కూర్చుండిపోయాను. మళ్లీ ఏదో మొదలైంది, మళ్లీ కారు, మళ్లీ ఆస్పత్రి అనుకున్నాను. మా ఆయనను పిలిచి డాక్టరు గారికి ఫోను చేయమన్నాను. ఆయన ఫోను తీస్తున్నారు. అమ్మ సంచి కింద పెట్టి వచ్చింది.

ఎక్కడ అని అడిగింది. చూపించాను. వాంతి వచ్చేలా ఉందా అంది. లేదన్నాను. చెమటలు పడుతున్నాయా, గుండె దడగా ఉందా అంది. లేదన్నాను. కళ్లకు ఎలా కనబడుతోందని వేళ్లు చూపించి అడిగింది. సరిగ్గానే చెప్పాను. ఆమె నా కడుపు మీద చేయి వేసి, తల పక్కకు వంచి, కాసేపు అలాగే ఉంది.

"ఏటీ లేదే" అంది చివరికి. "నీకు ఆకలేత్తంది."

నేను నమ్మలేదు. ఆపరేషన్ అయిన తర్వాత ఒక్కసారి కూడా ఆకలి వేయలేదు. గడియారం చూసి తినడమే తప్ప, ఆకలి అంటే ఎలా ఉంటుందో మరిచిపోయాను. మా ఆయన ఫోను పట్టుకుని మా ఇద్దరి ముఖాలూ చూస్తూ నిలబడ్డారు. అమ్మ లోపలికి వెళ్లి, పొద్దున తమ కోసం వేసిన ఇడ్లీల్లో ఒకటి తెచ్చి, సగం తుంచి, మజ్జిగలో నానబెట్టి నా చేతికి ఇచ్చింది. అక్కడే, అరుగు మీద, తడి చీర ఒళ్లో పెట్టుకుని తిన్నాను. మొదటి ముద్దకు ఎప్పటిలాగే భయం వేసింది. రెండో ముద్దకు కూడా వేసింది. తినడం అయ్యేదాకా ఆవిడ కదలలేదు. ఊరికి వెళ్లే బస్సు తప్పిపోయింది, మధ్యాహ్నం బస్సుకు వెళ్లింది.